షాంఘైలో ఒక్కరోజులో అమ్ముడుపోయే ఫ్లాట్లు: మేమూ కొనాలా?

ప్రశ్న: మాది తెనాలి. మావారి ఉద్యోగం వల్ల ఏడేళ్లుగా షాంఘైలో, పుదోంగ్ వైపు అద్దెకు ఉంటున్నాం. అద్దె నెలకు 16 వేల యువాన్లు. ఆయన వయసు 44. బాబు ఏడో తరగతి. ఈ మధ్య ఆయన ఆఫీసులో ఇద్దరు నది ఒడ్డున ఖరీదైన ఫ్లాట్లు కొన్నారు. అమ్మకం మొదలుపెట్టిన రోజే అన్నీ అయిపోయాయట. చైనా అంతా ఇళ్ల ధరలు పడిపోతున్నా ఇక్కడి లగ్జరీ ఇళ్లకు ఢోకా లేదని, కోకాపేటలో ఆలస్యం చేసినట్టు ఇక్కడ చేయకూడదని మావారు పట్టుబడుతున్నారు. పుదోంగ్‌లో ఆయన చూసిన కొత్త ఫ్లాట్ 105 చదరపు మీటర్లు, ధర కోటీ 20 లక్షల యువాన్లు. 50 లక్షలు మేం కట్టి, మిగతా 70 లక్షలు బ్యాంకు లోను. ఆ 50 లక్షల కోసం మా పొదుపుతో పాటు కొండాపూర్‌లోని ఫ్లాటూ, నాన్నగారు పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద నా పేరున రాసిన మంగళగిరి స్థలమూ అమ్మాలంటున్నారు. నేను వెనకాడితే "నీకు నామీద నమ్మకం లేదు" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు? కొనడమే ఖాయమైతే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, షాంఘై

సమాధానం: అమ్మా, ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఈ ఫ్లాట్ కొనొద్దు. మంగళగిరి స్థలం అసలే అమ్మొద్దు. అలాగని మీవారు చూస్తున్నది భ్రమ అని కాదు. షాంఘైలో ఖరీదైన ఇళ్లకు గిరాకీ నిజంగానే ఉంది, ఆయన విన్న వార్తలూ నిజమే. అయితే ఆ గిరాకీ ఎక్కడ పుట్టింది, ఎవరి డబ్బుతో నడుస్తోంది, ఎంత మేరకు ఉంది అన్నవి ఆయన చూడటం లేదు. వాటి గురించే కాస్త వివరంగా రాస్తాను. ఇద్దరూ కూర్చుని చదవండి.

షాంఘైలో సొంత ఇళ్ల మార్కెట్ అన్నదే మన కళ్ల ముందు పుట్టింది. 1988లో హోంగ్‌చియావ్ దగ్గర ఒక స్థలాన్ని ఒక జపాన్ కంపెనీకి 50 ఏళ్ల వాడకానికి ఇచ్చినప్పుడు అది పెద్ద వార్త. కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక షాంఘైలో అప్పటిదాకా భూమికి ధర కట్టి ఇవ్వడమన్నదే లేదు. 1990లో పుదోంగ్ అభివృద్ధి ప్రకటించారు. 1998లో, ఉద్యోగం ఇచ్చిన సంస్థే ఇల్లు కేటాయించే పద్ధతిని దేశమంతటా ఆపేశారు. ఆ తర్వాతే సామాన్యుడు ఇల్లు కొనుక్కోవడం మొదలైంది. 2001లో హాంకాంగ్‌కు చెందిన షుయి ఆన్ సంస్థ షిన్‌తియెన్‌దీ తెరిచింది. షికుమెన్ అనే, రాతి గుమ్మాలున్న పాతకాలపు వరస ఇళ్ల గోడల్ని ఉంచి, లోపల రెస్టారెంట్లు, దుకాణాలు పెట్టింది. దాని పక్కనే చెరువు తవ్వి, ఆ చెరువు చుట్టూ లేక్‌విల్ అనే ఖరీదైన అపార్ట్‌మెంట్లు దశలవారీగా కడుతూ వచ్చింది. నగరం నడిబొడ్డున పాత ఇళ్లు తీసేసి, అక్కడున్న వాళ్లను శివార్లకు పంపి, ఆ చోట డబ్బున్నవాళ్ల కోసం కట్టడం అనే నమూనా అక్కడ స్థిరపడింది. 2022 నాటికి పాత సందుల పెద్ద పెద్ద బస్తీల పునర్నిర్మాణం పూర్తయిందని నగరం ప్రకటించింది. తరతరాలుగా ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుని, వంటిల్లు పక్కింటివాళ్లతో పంచుకుని బతికిన కుటుంబాలవి. కొందరికి మెరుగైన ఇళ్లు వచ్చాయి, నిజమే. కానీ నగరం నడిమధ్యలో ఉండే హక్కు మాత్రం వాళ్ల చేతుల్లోంచి పోయింది. మీవారు చూపించే మెరిసే ఫొటోల వెనక ఈ సంగతి ఉందని నేను మరవలేను.

ఇక పుదోంగ్‌లో మీరు రోజూ చూసే, ఆకాశహర్మ్యాల పేట లుజియాజుయి సంగతి. నది ఒడ్డున టామ్‌సన్ రివియెరా టవర్లున్నాయి కదా, 2005లో వాటిని అమ్మకానికి పెట్టినప్పుడు చదరపు మీటరు లక్ష యువాన్లకు పైగా చెప్పారు. ఆ రోజుల్లో ఆ ధర విని నగరం నోరెళ్లబెట్టింది. మొదటి కొన్నేళ్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఫ్లాట్లే అమ్ముడయ్యాయి. కట్టిన సంస్థ ఓపిక పట్టింది. ఆ తర్వాత ధర బాగా పెరిగింది. ఈ కథను మీవారు తనకు అనుకూలంగా చెప్పవచ్చు. నాకు మాత్రం అందులో మరొకటి కనిపిస్తుంది. ఖరీదైన ఇళ్లలో లాభం వచ్చింది ఏళ్ల తరబడి ఆ డబ్బుతో అవసరం లేనివాళ్లకు. నెలనెలా ఈఎంఐ కట్టే ఉద్యోగికి అంత ఓపిక పట్టే వీలుండదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. దేశమంతా ఇళ్ల మార్కెట్ కుప్పకూలినా షాంఘైలో ఒక్కరోజులో ఎలా అమ్ముడవుతున్నాయి?

కుప్పకూలడం చిన్న మాటేమీ కాదు. 2020 ఆగస్టులో బిల్డర్ల అప్పులకు ప్రభుత్వం మూడు హద్దులు గీసింది. ఆ పైన పెద్ద బిల్డర్లయిన ఎవర్‌గ్రాండ్ 2021లో, కంట్రీ గార్డెన్ 2023లో అప్పులు కట్టలేక చేతులెత్తేశాయి. 2021లో దేశంలో దాదాపు 179 కోట్ల చదరపు మీటర్ల కొత్త నిర్మాణం అమ్ముడైతే, 2024లో అది 97 కోట్లకు పడిపోయింది. ఇంత జరిగినా అదే 2024లో షిన్‌తియెన్‌దీ దగ్గర లేక్‌విల్ కొత్త దశలో వంద పైచిలుకు ఫ్లాట్లు ఒక్క విడతలో దాదాపు 1,200 కోట్ల యువాన్లకు అమ్ముడయ్యాయి. హువాంగ్‌పు నది ఒడ్డున దోంగ్‌జియాదులో సునాక్ కట్టిన ప్రాజెక్టు కూడా విడత విడతకూ ఖాళీ అయింది. ఆ సునాక్ 2022లో అప్పులు కట్టలేక చతికిలపడ్డ కంపెనీయే. బిల్డర్ మునిగిపోయినా ఇళ్లు మాత్రం పోటీపడి కొన్నారు.

దీనికి కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. పెద్ద కారణం ధరల అదుపు. షాంఘైలో బిల్డర్ కొత్త ఫ్లాట్లను తన ఇష్టమొచ్చిన ధరకు అమ్మడానికి ఏళ్ల తరబడి వీలు లేకపోయింది. ప్రభుత్వం ఒప్పుకున్న ధరకే అమ్మాలి. మంచి పేటల్లో ఆ ధర, పక్కనే ఉన్న పాత ఫ్లాట్ల రీసేల్ ధర కన్నా తక్కువగా ఉండేది. అంటే కొత్త ఫ్లాట్ దొరికితే చాలు, సంతకం పెట్టిన రోజే కాగితం మీద లాభం. అందుకే జనం ఎగబడ్డారు. తొక్కిసలాట ఆపడానికి లాటరీ పెట్టారు. 2021లో లాటరీకి మార్కుల పద్ధతి కూడా తెచ్చారు. సొంత ఇల్లు ఉందా, హుకౌ (ప్రభుత్వ నివాస నమోదు) ఎక్కడిది, సామాజిక బీమా ఎన్నాళ్లు కట్టారు అని చూసి మార్కులు. అలా ముందు వరసలో ఫ్లాట్ దక్కించుకున్నవాళ్లు అయిదేళ్లు అమ్మకూడదని కూడా షరతు పెట్టారు. ఒక్కరోజులో అమ్ముడుపోయాయి అన్న మాటను ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి. అక్కడి రద్దీ చాలావరకు తక్కువ ధరకు దొరుకుతుందన్న ఆశ తెచ్చిన రద్దీ.

ఆ ఆశకు ఆధారమే ఇప్పుడు తగ్గుతోంది. 2024లో భూముల వేలంలో ధరల పరిమితి ఎత్తేశారు. ఆ ఆగస్టులోనే షుహుయి జిల్లాలో గ్రీన్‌టౌన్ అనే బిల్డర్ కంపెనీ ఒక స్థలాన్ని, కట్టబోయే ప్రతి చదరపు మీటరుకూ 1,31,000 యువాన్లు పడేలా పాడుకుంది. ఇటుక పెట్టకముందే అంత ఖర్చయితే, అందులో ఫ్లాట్ చవగ్గా ఎలా వస్తుంది? ఇప్పుడు కొనేవాళ్లు పూర్తి ధర పెట్టి కొంటున్నారు. మీవారి సహోద్యోగులు ఏ ధరకు, ఏ పేటలో, ఏ ఏడు కొన్నారో అడిగి చూడండి. మొదటి రోజు లాభం వాళ్లకు వచ్చి ఉండొచ్చు, మీకు మిగిలి ఉండకపోవచ్చు.

రెండో కారణం, డబ్బున్నవాళ్లకు పెట్టుబడి పెట్టే చోటు కరువైపోవడం. చిన్న నగరాల్లో ఇళ్ల ధరలు పడ్డాయి, షేర్ మార్కెట్ ఏళ్లపాటు నీరసించింది, డబ్బు విదేశాలకు పంపాలంటే మనిషికి ఏడాదికి 50 వేల డాలర్ల పరిమితి. జెజియాంగ్, జియాంగ్సు రాష్ట్రాల ఫ్యాక్టరీ యజమానులు, ఫైనాన్స్ రంగంలో సంపాదించినవాళ్లు చుట్టూ చూసి, మిగిలిన సురక్షితమైన చోటు షాంఘై నడిబొడ్డే అనుకున్నారు. 2024 మే, సెప్టెంబర్ నెలల్లో బయటి ఊళ్లవాళ్లు ఇల్లు కొనాలంటే షాంఘైలో ఇన్నేళ్లు సామాజిక బీమా కట్టి ఉండాలన్న గడువును ప్రభుత్వం తగ్గించడం కూడా దారి సులువు చేసింది. అదీగాక నగరం మధ్యలో ఖాళీ స్థలం దాదాపు లేదు. వచ్చే కొద్ది ప్రాజెక్టుల మీదే ఇంత డబ్బూ పడుతోంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గమనించండి. ఆ డబ్బు వెళ్తున్నది హువాంగ్‌పు, షుహుయి, జింగ్‌ఆన్ లాంటి పేటల్లో మూడు, నాలుగు కోట్ల యువాన్లు, ఆపైన పలికే ఇళ్లకు. మీవారు చూసిన కోటీ 20 లక్షల ఫ్లాట్ ఆ వరుసలోది కాదు. బ్రోషర్‌లో లగ్జరీ అని రాస్తారు, లాబీలో పాలరాయి వేస్తారు, అంతే. 105 చదరపు మీటర్లంటే అందులో లిఫ్టులు, మెట్లు, కారిడార్ల వాటా కలిసి ఉంటుంది. మన హైదరాబాద్‌లో సూపర్ బిల్టప్ ఏరియా అంటామే, అదే. ఎత్తయిన టవర్‌లో లోపల మీకు మిగిలేది 850 చదరపు అడుగులకు అటూ ఇటూ. కొండాపూర్‌లో మామూలు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అంత. దానికి 14 కోట్ల రూపాయలకు పైగా పెడుతున్నారన్నమాట, యువాన్ 12 రూపాయల చొప్పున వేసుకుంటే. అలాంటి మధ్యస్థ ఫ్లాట్లు షాంఘైలో లక్షల్లో ఉన్నాయి. రేపు మీరు అమ్మాలంటే వాటన్నిటితోనూ పోటీ పడాలి. ప్రభుత్వ గణాంకాల్లో 2024 పొడుగునా షాంఘై కొత్త ఇళ్ల ధరలు అంతకు ముందు ఏడాది కన్నా ఎక్కువగానే ఉన్నాయి. అదే నగరంలో రీసేల్ ధరలు మాత్రం తగ్గాయి. మీరు కొనేది కొత్త ఇంటి ధరకు, అమ్మేది రీసేల్ ధరకు. మీవారికి ఇంకేమీ చెప్పకపోయినా ఈ ఒక్క మాట చెప్పండి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. 70 లక్షల లోను, వడ్డీ 3.1 శాతం, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకు సుమారు 39 వేల యువాన్లు. అందులో మొదట్లో వడ్డీయే 18 వేలు. మీరు చేతి నుంచి పెట్టే 50 లక్షలు ఊరికే 3 శాతానికి వేసుకున్నా నెలకు 12,500 వచ్చేవి, అవి పోతాయి. రెండూ కలిపి 30,500. మీ అద్దె 16 వేలు. అంటే సొంతింట్లో ఉన్నందుకు నెలకు 14,500 యువాన్లు అదనంగా ఖర్చవుతోంది, మెయింటెనెన్స్, కొనుగోలు పన్ను కలపకుండానే. ధర ఏటా ఒకటిన్నర శాతం పెరిగితే తప్ప మీరు నష్టపోకుండా కూడా ఉండలేరు. ధర 15 శాతం తగ్గిందనుకోండి, 18 లక్షలు పోయినట్టు. మీరు పెట్టిన 50 లక్షల్లో మూడో వంతుకు పైగా. పైగా 44 ఏళ్ల వయసులో 20 ఏళ్ల లోను అంటే 64 దాకా. అక్కడ విదేశీయులకు వర్క్ పర్మిట్ మామూలుగా 60 ఏళ్లు దాటితే కష్టం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది ఈ చివరి సంగతే. మీరు అక్కడ ఉండటం ఆయన ఉద్యోగం మీద, వీసా మీద ఆధారపడింది. 2020లో చైనా విదేశీయుల రాకను ఆపేసినప్పుడు సెలవుకు ఇండియా వచ్చిన ఎంతోమంది రెండేళ్లకు పైగా తిరిగి వెళ్లలేకపోయారు. రెండు దేశాల మధ్య నేరుగా విమానాలు మళ్లీ మొదలైంది 2025 అక్టోబర్‌లో. 2022 వసంతంలో షాంఘై లాక్‌డౌన్‌ను మీరు అనుభవించే ఉంటారు. అలాంటిది మళ్లీ వస్తే, లేదా కంపెనీ సింగపూర్‌కో బెంగళూరుకో బదిలీ చేస్తే, 39 వేల ఈఎంఐ ఎవరు కడతారు? ఆ ఇంటిని అద్దెకిస్తే నెలకు 16, 17 వేలు వస్తాయి. దూరంగా ఉండి, భాష సరిగా రాని చోట, తొందరలో అమ్మేవాళ్లకు ఎవరూ మంచి ధర ఇవ్వరు.

కోకాపేటతో పోలిక గురించి ఒక మాట. 2023లో అక్కడ ఎకరం 100 కోట్లు దాటిన వేలం చూసి మీవారిలా బాధపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే భూమిలో అవిభాజ్య వాటా మీ పేరున రాస్తారు, అది మీ పిల్లలకూ వస్తుంది. షాంఘైలో భూమి ప్రభుత్వానిది. ఇంటి స్థలానికి 70 ఏళ్ల వాడకం హక్కు మాత్రమే. ఆ 70 ఏళ్లు కూడా మీరు కొన్న రోజు నుంచి కాదు, బిల్డర్ స్థలం తీసుకున్న రోజు నుంచి. గడువు తీరాక హక్కు దానంతట అదే పొడిగించబడుతుందని 2021లో అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్ చెబుతోంది. దానికి ఎంత కట్టాలన్నది మాత్రం ఆ కోడ్ తేల్చలేదు. దీనికి భయపడాల్సిందేమీ లేదు, కానీ రెండూ ఒకే రకం ఆస్తి అనుకోకూడదు.

ఇక మంగళగిరి స్థలం. పసుపు కుంకుమల కింద పుట్టింటివారు రాసిచ్చిన ఆస్తి మీది, పూర్తిగా మీది. దాన్ని అమ్మకపోవడం భర్తను నమ్మకపోవడం కాదు. ఇద్దరి సంపాదనా, ఇద్దరి భవిష్యత్తూ ఒకే దేశంలో, ఒకే ఫ్లాట్‌లో, ఒకే ఉద్యోగం మీద పెట్టకుండా ఒక ఆధారాన్ని బయట ఉంచడం. ఆయనకు నెమ్మదిగా ఇలాగే చెప్పండి. మీ తప్పు పట్టుకున్నాను అన్నట్టు కాకుండా, "ఇది మనిద్దరికీ చివరి అండ, దీన్ని కదిలించొద్దు" అనండి. అమ్మితే వచ్చే చిక్కులు కూడా ఆయనకు తెలియాలి. మీరు ఎన్ఆర్ఐలు కాబట్టి కొనేవాళ్లు టీడీఎస్ మినహాయించుకునే డబ్బిస్తారు. అది ఎన్ఆర్ఓ ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి బయటకు పంపాలంటే ఆడిటర్ సర్టిఫికెట్లు కావాలి. షాంఘై లాటరీ తేదీకి ఆ డబ్బు అందుతుందన్న గ్యారంటీ లేదు.

ఆయన మనసు మాటలతో మారకపోతే పోట్లాడకండి. ఆయన్నే ఒక పని చేయమనండి. ఆ ప్రాజెక్టు చుట్టుపక్కల నాలుగైదేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్లలో రీసేల్‌కు ఉన్న ఫ్లాట్లు లియెన్‌జియా లాంటి ఏజెంట్ దగ్గర చూడమనండి. ఎన్ని ఉన్నాయి, ఎన్నాళ్లుగా అమ్ముడుపోకుండా ఉన్నాయి, మొదట చెప్పిన ధర ఎంత, చివరికి తెగిన ధర ఎంత. కొనేవాడిగా కాకుండా అమ్మేవాడిగా వెళ్లి ఏజెంట్‌ను అడిగితే నిజం త్వరగా బయటకొస్తుంది. లెక్కలు తెలిసిన మనిషి కాబట్టి ఆ కాగితం చూశాక ఆయనే ఆలోచిస్తారు.

అన్నీ చూశాక కూడా కొనాలనే ఇద్దరూ అనుకుంటే, కట్టడం పూర్తయిన ఫ్లాట్ మాత్రమే చూడండి. ముందే డబ్బు కట్టే పద్ధతిలో కొన్నవాళ్లు, టవర్లు సగంలో ఆగిపోయి, 2022లో లోను కట్టబోమని రోడ్డెక్కిన సంగతి మీరు ఆ దేశంలోనే ఉండి చూశారు. విదేశీయులు మామూలుగా తాము ఉండటానికి ఒక ఇల్లు మాత్రమే కొనగలరు. ఆ అర్హత మీకు ఇవాళ్టి నిబంధనల ప్రకారం ఉందో లేదో జిల్లా రిజిస్ట్రేషన్ కేంద్రంలో అడగండి, సేల్స్ ఆఫీసు మాట మీద అడ్వాన్స్ ఇవ్వకండి. అయిదేళ్లు అమ్మకూడదన్న షరతు మీ ఫ్లాట్‌కు ఉందేమో కాంట్రాక్టులో చూడండి. పత్రంలో ఇద్దరి పేర్లూ ఉండాలి. విదేశం నుంచి తెచ్చిన ప్రతి యువానుకూ బ్యాంకు కాగితాలు దాచండి, అమ్మాక డబ్బు తిరిగి తెచ్చుకోవడానికి అవే ఆధారం. ఇండియాకు తిరిగొచ్చాక ఆ ఇంటిని రిటర్నుల్లో విదేశీ ఆస్తిగా చూపాల్సి వస్తుంది. ఈఎంఐ మాత్రం ఆయన జీతంలో నాలుగో వంతు దాటకూడదు, ఏడాది ఈఎంఐకి సరిపడే డబ్బు విడిగా ఉండాలి. ఈ రెండూ మంగళగిరి స్థలం ముట్టకుండానే కుదిరితేనే ముందుకు వెళ్లండి.